రిపోర్టులోని అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

నమస్కారం. ముందుగా ఒక లెక్క చెబుతాను, జవాబు మనసులో అనుకోండి.

ఒక జబ్బు ఉంది. వెయ్యి మందిలో ఒకరికి ఉంటుంది. దాన్ని కనిపెట్టే పరీక్ష కూడా ఉంది. కాకపోతే ఆ పరీక్షకు ఒక లోపం: జబ్బు లేనివాళ్లలో కూడా నూటికి ఐదుగురికి పాజిటివ్ అని చూపిస్తుంది. ఇప్పుడు ఎవరో ఒకరికి ఆ పరీక్ష చేశారు, పాజిటివ్ వచ్చింది. ఆ మనిషి వయసెంతో, లక్షణాలేమిటో మనకు తెలియదు. అతనికి నిజంగా ఆ జబ్బు ఉండే అవకాశం నూటికి ఎంత?

కావాలంటే వీడియో ఆపి ఆలోచించండి.

ఈ ప్రశ్న నేను అల్లింది కాదు. 1978లో అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన ఆసుపత్రుల్లో 60 మందిని ఇదే అడిగారు. వాళ్లలో చివరి ఏడాది విద్యార్థులున్నారు, శిక్షణలో ఉన్న డాక్టర్లున్నారు, వాళ్లకు పాఠం చెప్పే పెద్ద డాక్టర్లున్నారు. దాదాపు సగం మంది 95 శాతం అన్నారు. సరైన జవాబు చెప్పినవాళ్లు 11 మంది. ఆ సరైన జవాబు ఎంతో తెలుసా? సుమారు 2 శాతం.

తొంభై ఐదుకూ రెండుకూ మధ్య ఉన్న దూరం చూడండి. ఒక డాక్టరు అదే రిపోర్టు చూసి ‘మీకు జబ్బు ఉన్నట్టే’ అంటారు. ఇంకొకరు ‘ఇది చాలావరకు ఉత్త అలారమే, మరో పరీక్షతో తేల్చుకుందాం’ అంటారు. రిపోర్టు ఒక్కటే. మొదటి డాక్టరు దగ్గర కూర్చున్న మనిషికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

2014లో, అంటే ముప్పై ఆరేళ్ల తర్వాత, మళ్లీ అదే ప్రాంతంలో ఒక ఆసుపత్రిలో 61 మందిని అదే ప్రశ్న అడిగారు. 14 మంది సరిగ్గా చెప్పారు. ఎక్కువ మంది నోట వచ్చిన జవాబు ఈసారి కూడా 95 శాతమే. ఈ మధ్యకాలంలో ఎన్ని కొత్త యంత్రాలు వచ్చాయి, ఎన్ని కొత్త మందులు వచ్చాయి! ఈ ఒక్క విషయం మాత్రం కదలలేదు. అందుకే ఈ రోజు వీడియో. వైద్య పరిశోధన అనగానే మనం కొత్త మందు, కొత్త యంత్రం అనుకుంటాం. నేను చెప్పబోయే పరిశోధన వేరు. ఒక అంకె రోగి ఒంట్లోంచి బయలుదేరి, ల్యాబ్ మీదుగా డాక్టరు నిర్ణయం దాకా వెళ్లే దారి ఉంది కదా, ఆ దారి మీద జరిగిన పరిశోధన. నా దృష్టిలో వైద్య విద్యలో దీనికి దక్కాల్సిన చోటు ఇంతవరకు దక్కలేదు.

ముందు ఆ 2 శాతం సంగతి తేలుద్దాం. శాతాలు వదిలేసి మనుషుల్ని లెక్కపెట్టండి. వెయ్యి మందిని నిలబెట్టండి. జబ్బు ఉన్నది ఒక్కరికి. పరీక్ష ఆ ఒక్కరిని పట్టుకుందనే అనుకుందాం. మిగిలిన 999 మందికి జబ్బు లేదు. వాళ్లలో నూటికి ఐదుగురు, అంటే దాదాపు 50 మంది, పొరపాటున పాజిటివ్‌గా తేలతారు. మొత్తం పాజిటివ్‌లు 51. వాళ్లలో నిజమైన రోగి ఒక్కరే. 51లో ఒకటి అంటే 2 శాతం. అంతే. ఐదో తరగతి పిల్లలు కూడా చేసే లెక్క ఇది.

మరి అంత చదివినవాళ్లకు ఎందుకు తట్టలేదు? జర్మనీలో గెర్డ్ గిగెరెంజర్, ఉల్రిచ్ హోఫ్రాగే అనే ఇద్దరు పరిశోధకులు దీని మీద పనిచేశారు. 48 మంది డాక్టర్లకు ఇలాంటి లెక్కలే రెండు రకాలుగా ఇచ్చారు. శాతాల్లో ఇచ్చినప్పుడు సరైన జవాబులు నూటికి 10. ‘వెయ్యి మందిలో ఇంతమంది’ అని మనుషుల లెక్కలో ఇచ్చినప్పుడు నూటికి 46. ఆ డాక్టర్లకు మధ్యలో కొత్త పాఠమేమీ చెప్పలేదు. అడిగిన తీరు మారింది, అంతే. 1998లో వచ్చిన ఈ ఫలితం చదివినప్పుడల్లా నాకు ఆశ కలుగుతుంది. ఎందుకంటే దీన్ని అమలు చేయడానికి భవనాలు అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. పాఠం చెప్పేవాళ్లు బోర్డు మీద శాతాలకు బదులు మనుషుల్ని గీస్తే చాలు.

ఇప్పుడు రిపోర్టు కాగితం దగ్గరకు వద్దాం. మన ఫలితం పక్కన ఒక పరిధి అచ్చేసి ఉంటుంది, ఇంత నుంచి ఇంత వరకు అని. ఆ పరిధి దాటితే అంకె ముద్దగా పడుతుంది, లేదా పక్కన ఒక బాణం గుర్తు పడుతుంది. అది చూడగానే గుండె జారుతుంది. కానీ ఆ పరిధి ఎలా వచ్చింది? ఆరోగ్యంగా ఉన్నవాళ్లను చాలామందిని తీసుకుని, అందరికీ పరీక్ష చేసి, ఫలితాలను వరుసలో పెడతారు. కింద రెండున్నర శాతం, పైన రెండున్నర శాతం వదిలేసి, మధ్యలో ఉన్న 95 శాతాన్ని ‘సాధారణం’ అంటారు. అంటే ఆ వదిలేసిన ఐదు శాతం కూడా ఆరోగ్యవంతులే! పద్ధతిలోనే అలా ఉంది: ఏ జబ్బూ లేని ప్రతి ఇరవై మందిలో ఒకరు ఆ గీత అవతల పడతారు.

మరి ఒకే రోజు ఇరవై పరీక్షలు చేయిస్తే? ఒకదానితో ఒకటి సంబంధం లేని పరీక్షలైతే, పూర్తి ఆరోగ్యవంతుడికి కూడా కనీసం ఒక్కటి గీత దాటే అవకాశం నూటికి 64. నిజజీవితంలో కొన్ని పరీక్షలు కలిసికట్టుగా కదులుతాయి కాబట్టి ఇది కాస్త తగ్గుతుంది, అయినా తక్కువేమీ కాదు. ఇక ఆ ఒక్క బాణం గుర్తు వెంట ఇంకో పరీక్ష, దాని వెంట ఒక స్కాన్, దాని వెంట సూదితో ముక్క తీయడం. లక్షణాలేవీ లేకుండా, అడగాల్సిన ప్రశ్న లేకుండా, ఎక్కువ పరీక్షల ప్యాకేజీ అంటే ఎక్కువ భద్రత అనుకునేవాళ్లు ఈ లెక్కను ఒకసారి చూడాలి.

సరే, ఇంతవరకు అంకె సరైనదే అనుకుని మాట్లాడాం. అసలు అంకే తప్పయితే?

ల్యాబ్ తప్పు అనగానే మనకు యంత్రం తప్పో, దాని ముందు కూర్చున్న మనిషి తప్పో గుర్తొస్తుంది. ఇటలీలోని పాడువా నగరంలో మారియో ప్లెబానీ, పావ్లో కరారో అనే ఇద్దరు ఈ అనుమానాన్ని లెక్క కట్టి చూశారు. అత్యవసర పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో మూడు నెలల పాటు 40,490 పరీక్షలను వెంబడించారు. వార్డుల్లోని డాక్టర్లతో, నర్సులతో రోజూ మాట్లాడుతూ ప్రతి తప్పునూ నమోదు చేశారు. 1997లో ఫలితం ప్రచురించారు. మొత్తం 189 తప్పులు దొరికాయి. వాటిలో యంత్రం దగ్గర జరిగినవి 13.3 శాతం. ఫలితం వచ్చాక, చేరవేయడంలో జరిగినవి 18.5 శాతం. మిగిలిన 68.2 శాతం, అంటే మూడింట రెండు వంతులు, నమూనా యంత్రంలోకి వెళ్లకముందే జరిగిపోయాయి.

ఈ తప్పుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు రోగికి ఏ నష్టమూ చేయలేదు. కానీ 37 మందికి అనవసరమైన పరీక్షలు జరిగాయి. 12 మందికి తప్పుడు చికిత్స జరిగింది, లేదా జరుగుతున్న చికిత్సను తప్పుగా మార్చారు.

యంత్రం దగ్గర తప్పులు తక్కువగా ఉండటం ఊరికే జరగలేదు. తెలిసిన విలువ ఉన్న ద్రవాన్ని రోజూ యంత్రంలో పెట్టి, వచ్చిన ఫలితాన్ని పటం మీద చుక్కగా గుర్తించే పద్ధతిని లెవీ, జెన్నింగ్స్ అనే ఇద్దరు 1950లో ల్యాబ్‌లకు తెచ్చారు. 1981లో జేమ్స్ వెస్ట్‌గార్డ్, ఆయన సహచరులు ఆ చుక్కలు ఎలా పడితే యంత్రాన్ని ఆపాలో నియమాలు రాశారు. దశాబ్దాల క్రమశిక్షణ అది. సూది గుచ్చే గదికి మాత్రం అంత శ్రద్ధ దక్కలేదు.

ఆ గదిలో ఏం జరుగుతుందో ఒక్క ఉదాహరణతో దగ్గరగా చూద్దాం. పొటాషియం.

మన రక్తంలోని ద్రవభాగంలో పొటాషియం లీటరుకు సుమారు 3.5 నుంచి 5 మిల్లీమోల్ ఉంటుంది. అదే ఎర్ర రక్తకణం లోపల చూస్తే ఇరవై రెట్లకు పైనే ఉంటుంది. కాబట్టి కణాలు పగిలితే లోపలి పొటాషియం బయటికి వచ్చేస్తుంది. సన్నటి సూదితో సిరంజిని బలంగా లాగితే కణాలు పగులుతాయి. సీసాను గట్టిగా గిలకొట్టినా పగులుతాయి. నరం దొరకలేదని చేతికి పట్టీ చాలాసేపు బిగించి ఉంచి, రోగిని ‘పిడికిలి బిగించండి, వదలండి, మళ్లీ బిగించండి’ అంటారు చూడండి, అప్పుడు ఏ కణమూ పగలకుండానే పొటాషియం పెరుగుతుంది, ఎందుకంటే పనిచేస్తున్న కండరం దాన్ని రక్తంలోకి వదులుతుంది. తీసిన రక్తాన్ని వేరు చేయకుండా గంటల తరబడి ఫ్రిజ్‌లో ఉంచితే ఇంకో దారిలో పెరుగుతుంది. చలికి కణం గోడలోని పంపు మందగిస్తుంది, లోపలిది మెల్లగా బయటికి కారుతుంది.

ఇప్పుడు రిపోర్టులో 6.8 అని వచ్చిందనుకోండి. నిజంగా రోగి ఒంట్లో అంత ఉంటే అది అత్యవసర పరిస్థితి, గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. అందుకే డాక్టర్లు ఆగరు. కాల్షియం ఇస్తారు, గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్ ఇస్తారు. కానీ ఆ 6.8 సీసాలో పుట్టిందే తప్ప ఒంట్లో లేకపోతే? అప్పుడు ఇన్సులిన్ మామూలుగా ఉన్న పొటాషియాన్ని కిందికి దించుతుంది, రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదమూ ఉంది. లేని జబ్బుకు చేసిన వైద్యం ఉన్న ఆరోగ్యాన్ని దెబ్బతీస్తుంది.

కణాలు పగిలిన సంగతి కంటికి తెలుస్తుంది. రక్తాన్ని వేగంగా తిప్పి కణాలను అడుగుకు దించాక పైన తేలే ద్రవం లేత పసుపు రంగులో ఉండాలి. అది గులాబీ రంగులోనో ఎర్రగానో ఉంటే కణాలు పగిలినట్టు. ఇప్పటి యంత్రాలు ఆ ఎరుపును కొలిచి రిపోర్టు మీద హెచ్చరిక వేస్తాయి కూడా. కానీ కంటికి కనిపించని ఇంకో తప్పు ఉంది, నాకు అదే ఎక్కువ భయం కలిగిస్తుంది.

ఊదారంగు మూత ఉన్న చిన్న సీసాను చూసే ఉంటారు. రక్తకణాల లెక్కకు వాడతారు. అందులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది, సాధారణంగా పొటాషియం లవణం రూపంలో. అది కాల్షియాన్ని పట్టి బంధిస్తుంది, అలా గడ్డకట్టడాన్ని ఆపుతుంది. ఇప్పుడు రక్తం తీసే మనిషి ముందుగా ఊదా సీసా నింపి, తర్వాత అదే సూదితో పక్క సీసా నింపితే, లేదా ఒక సీసాలో రక్తం తక్కువైందని ఊదా సీసాలోంచి కొంచెం పోస్తే, ఆ రసాయనం రెండో సీసాలోకి వస్తుంది. రంగు మారదు. యంత్రం ఏ హెచ్చరికా ఇవ్వకపోవచ్చు. పొటాషియం పెరిగి కనిపిస్తుంది, కాల్షియం తగ్గి కనిపిస్తుంది. ఈ రెండూ ఒకేసారి, అదీ కారణం లేకుండా, బాగానే ఉన్న మనిషిలో కనిపిస్తే అనుభవం ఉన్న ల్యాబ్ డాక్టరు వెంటనే ఫోను తీసి ‘రక్తం మళ్లీ తీసి పంపండి’ అంటారు. ఆ ఫోను ఎంత మంది రోగులను కాపాడిందో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

ఏ రంగు మూత తర్వాత ఏ రంగు మూత నింపాలి అనే వరుస ఒకటి ఉండటానికి కారణం ఇదే. గోడ మీద అంటించిన ఆ వరుసను బట్టీ పట్టినవాళ్లు చాలామంది ఉంటారు. దాని వెనక ఉన్న రసాయనం తెలిసినవాళ్లు మాత్రమే తొందరలో కూడా ఆ వరుస తప్పరు.

రోగి వైపు నుంచి వచ్చే చిక్కు కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది చూస్తున్న మీకు నేరుగా పనికొస్తుంది. జుట్టుకు, గోళ్లకు మంచిదని బయోటిన్ మాత్రలు చాలామంది వాడుతున్నారు. ఒంటికి రోజుకు కావాల్సింది సుమారు 30 మైక్రోగ్రాములు. ఈ మాత్రల్లో కొన్నిటిలో 5,000, 10,000 మైక్రోగ్రాములు ఉంటుంది. హార్మోన్లను, గుండె కండరం దెబ్బతిన్నప్పుడు పెరిగే ట్రోపోనిన్‌ను కొలిచే పరీక్షల్లో చాలావాటికి ఆధారం బయోటిన్‌కూ స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్‌కూ ఉన్న గట్టి బంధం. రక్తంలో ముందే బయోటిన్ నిండుగా ఉంటే ఆ బంధానికి అది అడ్డం పడుతుంది. ఒక రకం పరీక్షలో ఫలితం అబద్ధంగా తగ్గుతుంది, ఇంకో రకంలో అబద్ధంగా పెరుగుతుంది. థైరాయిడ్ విషయంలో టీఎస్‌హెచ్ తగ్గి, టీ4 పెరిగి, అచ్చం థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నట్టే కాగితం మీద కనిపిస్తుంది. మనిషి గ్రంథి మాత్రం నిక్షేపంగా ఉంటుంది. గుండె పరీక్షలో ఇది ఇంకా ప్రమాదం. 2017 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక జారీ చేసింది. ఎక్కువ మోతాదులో బయోటిన్ వాడుతున్న ఒక రోగికి ట్రోపోనిన్ తక్కువగా చూపించిందనీ, ఆ రోగి మరణించారనీ అందులో చెప్పింది. కాబట్టి రక్తం ఇచ్చేముందు విటమిను మాత్రలు కూడా మందులే అనుకుని చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

ఇదంతా విన్నాక ల్యాబ్‌ను నమ్మకూడదేమో అనిపిస్తే, దయచేసి అలా అనుకోకండి. చికిత్సనూ ల్యాబ్‌నూ చెరో కన్నుగా చూసినప్పుడు వైద్యం ఎంత ముందుకు వెళ్లిందో చెప్పడానికి 1948 నాటి స్ట్రెప్టోమైసిన్ పరిశోధన చాలు. బ్రిటన్‌లో క్షయ రోగుల మీద జరిగింది. ఆస్టిన్ బ్రాడ్‌ఫోర్డ్ హిల్ అనే గణాంక నిపుణుడు రూపొందించాడు. ఎవరికి మందు, ఎవరికి విశ్రాంతి మాత్రమే అన్నది డాక్టరు ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛిక సంఖ్యలతో తేల్చారు. ఎక్స్‌రేలు చదివినవాళ్లకు ఏ ఫిల్ము ఏ గుంపు రోగిదో చెప్పలేదు. ఆరు నెలలకు మందు ఇచ్చిన 55 మందిలో నలుగురు చనిపోయారు, ఇవ్వని 52 మందిలో 14 మంది చనిపోయారు. ఇది గొప్ప విజయమే.

కానీ అక్కడితో ఆగి ఉంటే మోసపోయేవాళ్లు. రోగుల కఫాన్ని ల్యాబ్‌లో పెంచి చూస్తున్నవాళ్లకు వేరే సంగతి కనిపించింది. చాలామందిలో క్షయ క్రిములు ఆ మందుకు లొంగకుండా మారిపోతున్నాయి. ఐదేళ్ల తర్వాత చూస్తే రెండు గుంపుల మధ్య మరణాల తేడా చాలావరకు కరిగిపోయింది. ఎందుకు కరిగిందో మంచం పక్కన నిలబడినవాళ్లకు అర్థం కాదు, కఫం పెంచిన గాజుసీసాలే చెప్పాయి. ఒక మందు చాలదు, రెండు కలపాలి అన్న ఆలోచన అక్కడి నుంచే బలపడింది. ఈనాటికీ క్షయకు ఒకే మందు ఇవ్వరు.

మరి అంకె సరిగ్గా ఉండి, డాక్టరు సరిగ్గా చదివి, చికిత్సతో ఆ అంకెను బాగు చేసినా రోగికి మేలు జరగని సందర్భాలు ఉన్నాయా? ఉన్నాయి. వైద్య విద్యార్థులకు తప్పనిసరిగా చెప్పాల్సిన కథ ఇది.

గుండెపోటు వచ్చినవాళ్లలో కొందరికి ఈసీజీలో మధ్యమధ్యలో అదనపు స్పందనలు కనిపిస్తాయి. అవి ఉన్నవాళ్లు ఎక్కువగా చనిపోతున్నారు. కాబట్టి ఆ స్పందనల్ని అణిచేస్తే బతుకుతారు అనుకున్నారు. తర్కం చాలా చక్కగా ఉంది కదా! ఎన్‌కెనైడ్, ఫ్లెకెనైడ్ అనే మందులు ఆ స్పందనల్ని నిజంగానే అణిచాయి. 1980ల చివర్లో అమెరికాలో కాస్ట్ అనే పరిశోధన ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. మందు ఇచ్చిన 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన 743 మందిలో 26 మంది. ఈసీజీ కాగితం అందంగా మారింది, మనుషులు రెండింతలకు మించి చనిపోయారు. ఈ తేడా బయటపడగానే 1989లో ఆ మందులను ఆపేశారు.

ఇంకొకటి మధుమేహం గురించి. మూడు నెలల సగటు చక్కెరను చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్ష తెలుసు కదా. అకార్డ్ అనే పరిశోధనలో 10,251 మంది పాల్గొన్నారు. ఒక గుంపులో ఆ అంకెను 6 కన్నా కిందికి తేవాలని గట్టిగా పట్టుబట్టారు. ఇంకో గుంపులో 7కూ 7.9కీ మధ్య ఉంచితే చాలనుకున్నారు. గట్టిగా పట్టుబట్టిన గుంపులో 257 మంది, రెండో గుంపులో 203 మంది చనిపోయారు. 2008లో ఆ గట్టి చికిత్సను అనుకున్న గడువుకన్నా ముందే ఆపేశారు.

ఇది విని ఎవరూ షుగర్ మందులు ఆపవద్దు, ఇది చాలా ముఖ్యం. ఆ పరిశోధనలో ఉన్నవాళ్లు సగటున 62 ఏళ్లవాళ్లు, చాలాకాలంగా మధుమేహం ఉన్నవాళ్లు, మూడోవంతు మందికి అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో వచ్చి ఉంది. కొత్తగా మధుమేహం బయటపడినవాళ్ల మీద బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ పరిశోధన 1998లో ఇంకో సంగతి చెప్పింది. చక్కెరను సగటున 7.9 దగ్గర కాకుండా 7 దగ్గర ఉంచితే కళ్లు, మూత్రపిండాల వంటి చోట్ల చిన్న రక్తనాళాల వల్ల వచ్చే సమస్యలు పాతిక శాతం తగ్గాయి. అంటే 7 అన్న అంకెకు ఒంటరిగా అర్థం లేదు. ఎవరిలో, ఎంతకాలంగా, ఏ మందులతో, ఎంత వేగంగా అన్నవి తెలిస్తేనే అది మంచిదో చెడ్డదో చెప్పగలం.

1981లో జార్జ్ లుండ్‌బర్గ్ అనే పాథాలజిస్టు ఈ మొత్తాన్ని ఒక గొలుసుగా చూపించాడు. పరీక్ష యంత్రంలో మొదలై యంత్రంలో ముగియదు. డాక్టరు మనసులో ఒక ప్రశ్న పుడుతుంది. పరీక్ష రాస్తారు, నమూనా తీస్తారు, పంపిస్తారు, కొలుస్తారు, ఫలితం తిరిగి వస్తుంది, దాన్ని అర్థం చేసుకుని ఏదో ఒకటి చేస్తారు. ఆ మనసులో మొదలై ఆ మనసులోనే ముగుస్తుంది.

వైద్య విద్యలో మాత్రం ఈ గొలుసును ముక్కలు చేసి నేర్పుతాం. దీనికి చరిత్ర ఉంది. 1910లో ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాల్లో 155 వైద్య కళాశాలలను పరిశీలించి నివేదిక ఇచ్చాడు. చాలాచోట్ల ల్యాబ్ అనేదే లేదు, శాస్త్రమే లేదు. వైద్యానికి శాస్త్రం పునాది కావాలన్నాడు. ఆ కాలానికి అది అత్యవసరమైన మాట. కానీ దాని తర్వాత స్థిరపడిన పద్ధతిలో మొదటి ఏళ్లు శాస్త్రం, తర్వాతి ఏళ్లు వార్డు అన్న గోడ లేచింది. బయోకెమిస్ట్రీలో పొటాషియం ఒక ఏడాది, పొటాషియం పెరిగిన రోగి మూడేళ్ల తర్వాత, రక్తం తీసే వరుస ఎవరో నర్సు చూపిస్తే. మూడూ ఒకే తలలో ఎప్పుడు కలుస్తాయి?

కలపడానికి పనికొచ్చే పద్ధతులు పరిశోధనలో ఇప్పటికే ఉన్నాయి. 2009లో డగ్లస్ లార్సెన్, ఆయన సహచరులు శిక్షణలో ఉన్న డాక్టర్లను రెండు రకాలుగా చదివించారు. ఒక అంశాన్ని మళ్లీ మళ్లీ చదివించారు, ఇంకో అంశం మీద మళ్లీ మళ్లీ చిన్న పరీక్షలు పెట్టి జవాబులు చెప్పారు. ఆరు నెలలు దాటాక చూస్తే చదివిన అంశంలో సగటున 26 శాతం గుర్తుంది, పరీక్ష రాసిన అంశంలో 39 శాతం. రెండూ తక్కువే అనిపిస్తుంది, నిజమే, మరుపు అంత బలమైంది. అయినా ఆ తేడా ఉచితంగా దొరుకుతోంది.

ఇంకోటి ప్రాక్టికల్ పరీక్షల సంగతి. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ ఓస్కీ అనే పద్ధతిని పరిచయం చేశాడు. విద్యార్థి వరుసగా కొన్ని గదులు దాటుతాడు, ఒక్కో గదిలో ఒక్కో పని, అందరికీ ఒకే పని, ఒకే కొలబద్ద. ఈ పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతా ఉంది. గుండె చప్పుడు వినే గది ఉంటుంది, పొట్ట తడిమే గది ఉంటుంది. నా కోరిక ఒక్కటే: ఒక గదిలో ఒక రిపోర్టు, ఒక ఫోను పెట్టండి. పొటాషియం 6.8, కాల్షియం బాగా తక్కువ, ఎదురుగా ఉన్న రోగి హాయిగా మాట్లాడుతున్నాడు, ఈసీజీ మామూలుగా ఉంది. విద్యార్థి ఇన్సులిన్ రాస్తాడా, ఫోను తీసి ల్యాబ్‌ను అడుగుతాడా చూడండి. విద్యార్థులు పరీక్షకు వచ్చేదే చదువుతారు. ఇది పరీక్షలో ఉందని తెలిస్తే రెండేళ్లలో ప్రతి హాస్టలు గదిలో దీని గురించి చర్చ మొదలవుతుంది.

పాడువా పరిశోధకులు పదేళ్ల తర్వాత అదే ల్యాబ్‌లో అదే లెక్క మళ్లీ వేశారు. 2007లో ప్రచురించారు. ఈసారి 51,746 పరీక్షల్లో 160 తప్పులు. శాతంగా చూస్తే 0.47 నుంచి 0.31కి దిగింది, అంటే మూడోవంతు తగ్గింది. యంత్రానికి ముందు జరిగే తప్పుల వాటా మాత్రం ఇంకా 61.9 శాతం దగ్గరే ఉంది.

పాథాలజీలోనో, బయోకెమిస్ట్రీలోనో, మెడిసిన్‌లోనో పీజీ చేస్తూ థీసిస్‌కు అంశం వెతుకుతున్నవాళ్లు ఈ వీడియో చూస్తుంటే, మీతో ఒక మాట. ఈ లెక్క మీ ఆసుపత్రిలో ఎవరూ వేసి ఉండకపోవచ్చు. దీనికి కొత్త పరికరం అక్కర్లేదు. ఏ నమూనాను తిప్పి పంపారు, ఎందుకు పంపారు, ఏ వార్డు నుంచి వచ్చింది, పగలా రాత్రా, ఆ ఫలితం చూసి ఎవరైనా చికిత్స మార్చారా అన్నవి మూడు నెలలు రాయండి. తప్పు చేసినవాళ్ల పేర్లు రాయకండి, రాస్తే రెండో వారం నుంచి మీకు ఎవరూ నిజం చెప్పరు. రక్తం తీసేవాళ్లను కూడా బృందంలో చేర్చుకోండి, వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. ఫలితం వచ్చాక నాకు రాయండి, ఇక్కడే కూర్చుని దాని గురించి మాట్లాడుకుందాం.